రాళ్లు మేం మోశాం, మా ఇంటిని వీళ్లు మోశారు

మే నెలలో మేం నలుగురం నేపాల్ కొండల్లోని ఒక పల్లెకు పోయి, ఊరివాళ్లు కట్టుకుంటున్న సమావేశాల గదికి పంతొమ్మిది రోజులు రాళ్లూ మట్టీ మోసి వచ్చాం. ఫొటోలు పెట్టినప్పటి నుంచి 'గొప్ప పని చేశారు' అని ఒకటే ఫోన్లు. వింటుంటే ఇబ్బందిగా ఉంది. ఆ పంతొమ్మిది రోజులూ పొదలకూరు దగ్గర మా అమ్మనూ, తోటనూ, బర్రెనూ చూసుకున్నవాళ్ల ఫొటోలు ఎవరూ తియ్యలేదు.

పోతామన్నప్పుడు అమ్మే అడ్డం పడింది. "ఈడ పని లేకనా ఆడికి పొయ్యేది?" అంది. దానికి ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. అక్కడ పనిచేసే స్నేహితుడు మనుషులు కావాలన్నాడు, పిల్లలకు సెలవులు, వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. గోరఖ్‌పూర్ దాకా రైలు, సోనౌలీలో సరిహద్దు దాటి బస్సు. మే నెలలో నెల్లూరు జిల్లాలో స్వెటర్లు ఎక్కడ దొరుకుతాయి? పెట్టె అడుగు నుంచి నాలుగు తీసిచ్చిన మిలిటరీ బాబాయికి దండాలు.

మా వీధి బేల్దారి అన్న రెండు ఆదివారాలు నన్నూ మా పెద్దాణ్ణీ తన పని దగ్గరికి తీసుకుపోయి తూకం గుండు పట్టడం నేర్పించాడు. "లోపలి వరసనూ బయటి వరసనూ కలిపి అడ్డంగా పొడుగు రాయి పడకపోతే అది గోడ కాదు, పక్కపక్కన నిలబడిన రెండు గోడలు" అన్నాడు. ఆ మాట విలువ అక్కడ తెలిసింది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో నేపాల్‌లో దాదాపు 9,000 మంది పోయారు. కొండ ఊళ్లలో చాలా ఇళ్లు రాయీ మట్టీ పేర్చి కట్టినవే. ఆ ఊపుకు గోడలు రెండు పొరలుగా విడిపోయి కూలాయి. అందుకే ఇప్పుడు అడ్డరాళ్లు వేసి, కిటికీల కిందా పైనా, కప్పు కిందా గోడ చుట్టూ బెల్టులా పట్టీ కడుతున్నారు. అక్కడి మేస్త్రి అడ్డరాయి సంగతి ఎత్తకముందే నేను చేత్తో చూపించా. ఆ ఒక్క రోజు నా పరువు నిలబడింది. మిగతా రోజుల గురించి అడక్కండి. అక్కడ డోకో అనే బుట్టను వీపున వేసుకుని, పట్టీని నుదుటికి తగిలించుకుని మోస్తారు. నేను సగం బుట్టకే కూర్చుండిపోయేవాణ్ణి.

మా పెద్దాడు వాగు దగ్గర జారి మడమ బెణికిన రోజు, వాణ్ణి ఆ డోకోలోనే కూర్చోబెట్టుకుని ఒక అన్న కొండ దిగాడు. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మేమున్న ఇంటి ఆమా (అక్కడ అమ్మను అలా అంటారు) రాత్రి ఆవనూనె వెచ్చబెట్టి రాసింది. మా నిమ్మకాయ ఊరగాయ జాడీ ఆమెకే ఇచ్చొచ్చాం.

ఇక ఇంటి సంగతి. నిమ్మకు నాలుగు డబ్బులు కనబడేది ఎండాకాలంలో, నీళ్లకు కరువొచ్చేదీ అప్పుడే. అలాంటి నెలలో తోట వదిలి పోవడం బుద్ధి తక్కువ పనే. మేం పోయిన ఐదో రోజు మోటారు కాలిపోయింది. ఎదురింటి మామ ఆ మాట మాతో అననే లేదు. బాగుచేసేవాడు రేపు మాపు అని నాలుగు రోజులు తిప్పుకుంటే, తన బోరు నుంచి పైపు లాగి, రాత్రి కరెంటు వచ్చినప్పుడల్లా లేచి మా చెట్లకు తడి పెట్టాడు. కాయ కోయించి పొదలకూరు మార్కెట్‌కు తోలి, కోత కూలీ, ఆటో బాడుగ నోటుబుక్‌లో రాసిపెట్టాడు.

పక్కింటి పెద్దమ్మ రెండు పూటలా బర్రె పాలు పిండింది. అమ్మ షుగర్ మాత్ర వేసుకున్నానని అబద్ధమాడితే, అట్ట తెప్పించి లెక్కపెట్టేదంట. (అమ్మ ఫోన్లో ఇవి చదవదు కాబట్టి రాస్తున్నా.) నేపాల్ గడియారం మనకన్నా పావుగంట ముందు. రోజూ రాత్రి పెద్దమ్మే వాట్సాప్‌లో కలిపిచ్చేది, అమ్మ మొదటి మాట ఒకటే: "ఈడ ఎనిమిది, ఆడ ఎనిమిదింపావు, పిల్లోళ్లు తిన్నారా?"

మామా, నోటుబుక్ నా దగ్గరే ఉంది. అందులో మోటారు రిపేరు అని రాసి, పక్కనున్న అంకె కొట్టేశావు. షాపులో అడిగి ఎంతో తెలుసుకున్నా. రేపు సాయంత్రం తెచ్చిస్తా, ఇంట్లోనే ఉండు.