కందెన పెట్టాకే బండి కట్టాను, నాన్నా

ఇర్వింగ్, టెక్సస్

నాన్నకు నమస్కారాలు,

ఆదివారం ఫోన్లో "పాతికేళ్ళు దాటిన డొక్కు కొన్నావా?" అని సగం విని పెట్టేశారు. మిగతా సగం రాస్తున్నాను. ట్రైలర్ ఇంటికొచ్చింది. మేమూ క్షేమంగా వచ్చాం.

ఇది మన ట్రాక్టర్ ట్రక్కు లాంటిది కాదు. బండి వెనక తగిలించుకుపోయే చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, సింకు అన్నీ అందులోనే. 1998 నాటిది, 19 అడుగులు, ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. విచిటా ఫాల్స్ దగ్గర ఒక పెద్దాయన పొలంలో తొమ్మిదేళ్ళుగా కదలకుండా పడి ఉంది.

నిజం ఒప్పుకుంటాను. పొద్దున తగిలించుకుని సాయంత్రానికి వచ్చేద్దామనే వెళ్ళాను. టైర్లు ఏమాత్రం అరగలేదు, చూడ్డానికి కొత్తవే. మీ కోడలు మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్కనున్న అంకెలు చదివింది: 3112. అంటే 2012లో 31వ వారంలో తయారైంది. దగ్గరికెళ్ళి చూస్తే పక్కలంతా సన్నని పగుళ్ళు, ఎండిన చెరువు నేలలాగ. స్టెప్నీ మీదైతే మూడంకెలే ఉన్నాయి. 2000కి ముందు అలాగే వేసేవారు. అంటే అది ట్రైలర్‌తో పాటు పుట్టిందే! ఇలాంటి టైర్లు తిరిగి అరిగేకన్నా నిలబడి ఎండకు పాడయ్యేదే ఎక్కువ. ఇక్కడి ఎండ మన పల్నాడు ఎండకేం తీసిపోదు. ఊళ్ళోకెళ్ళి మూడూ కొత్తవి కొనుక్కొచ్చాం. ఆ రాత్రికి మోటల్లోనే మకాం.

మర్నాడు ఒక చక్రానికి రాళ్ళు అడ్డం పెట్టి, రెండో చక్రం జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పాను. గరగరమంది. ఇరుసు మూత ఊడదీస్తే లోపల గ్రీజు పాకం ముదిరిన బెల్లంలా గట్టిపడిపోయి ఉంది. బేరింగులో రోలర్ల మీద తుప్పు మరకలు. కందెన పెట్టనిదే బండి కట్టకూడదని తాతయ్య ఎందుకు అనేవాడో అప్పుడు తెలిసింది. రెండు వైపులా బేరింగులు, గ్రీజు కారకుండా ఆపే సీళ్ళు మార్చాను. అరచేతిలో ముద్దంత గ్రీజు పెట్టుకుని, బేరింగు అంచుని దానికేసి అదుముతూ పోతే, కాసేపటికి అవతలివైపు రోలర్ల సందుల్లోంచి పురుగుల్లా బయటికొస్తుంది. అప్పుడే నిండినట్టు. మీరు ట్రక్కు చక్రానికి అలా చేస్తుంటే నేను మూతలు పట్టుకుని నిలబడేవాణ్ణి, గుర్తుందా? చేతులకు ఆ వాసన ఇంకా పోలేదు.

అసలు టెన్షన్ బ్రేకులతో వచ్చింది. ట్రైలర్ చక్రాలకు కరెంటుతో పట్టే బ్రేకులుంటాయి. దారిలో ట్రైలర్ బండి నుంచి ఊడిపోతే ఒక తీగ పిన్నును లాగేస్తుంది, ట్రైలర్‌లోని బ్యాటరీతో బ్రేకులు వాటంతటవే పడతాయి. పాత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కొత్తది పెట్టి పిన్ను లాగితే కుడి చక్రం బిగుసుకుంది, ఎడమది హాయిగా తిరుగుతోంది. కింద పడుకుని వైరు వెంబడి వెతికితే, ఇరుసు పక్కన ఎలుక కొరికేసిన చోటు దొరికింది. పక్కనే దూదీ, గడ్డీ పెట్టి బ్రహ్మాండమైన గూడు. అతుకు వేసి మళ్ళీ లాగాం. రెండూ పట్టాయి. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

గ్యాస్ బండల మీద తేదీ దాటిపోయింది, అక్కడే వదిలేశాం. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాం. లైట్లు ఒక బల్బుతో సరిపోయాయి. లోపల ఒక మూల నేలలో స్క్రూడ్రైవర్ పెడితే కేకులోకి దిగినట్టు దిగింది, పైకప్పు అతుకులోంచి వాన కారిందన్నమాట. దాని పని ఇంటికొచ్చాక చూసుకోవచ్చనుకున్నాను. నేల మెత్తబడితే దారిలో ప్రాణం మీదికి రాదు, చక్రం ఊడితే వస్తుంది.

287 హైవే మీద గంటకు 60 మైళ్ళు దాటలేదు. సుమారు 50 మైళ్ళు పోయాక బోవీలో ఆగి నట్లు మళ్ళీ బిగించాను, కొత్తగా వేసిన చక్రాలకు అవి వదులవుతాయి. ఇరుసు మూతల మీద చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. కాలితే అక్కడే ఆపేసేవాణ్ణి, మీ మీద ఒట్టు.

దసరాకు మీరిద్దరూ వచ్చేసరికి ఆ నేల బాగుచేసి ఉంచుతాను. అమ్మకు ఈ ఉత్తరం చదివేటప్పుడు ఎలుక గూడు దగ్గర మాత్రం నాలుగు లైన్లు దాటేయండి. లేకపోతే అందులో పడుకోనంటుంది.

మీ
చిన్నోడు