బిల్లు మీద 'గ్రాఫిక్స్ కార్డ్ 2 జీబీ' అని రాస్తే ఏం తెలుస్తాది?

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్త ఫోన్ వచ్చినప్పుడల్లా మీ పేపర్లో పాత మోడల్ పక్కన పెట్టి కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత అని పట్టిక వేస్తారు, అది చూసే నేను మా ఇంట్లో రెండు ఫోన్లు కొన్నా. అట్లనే కంప్యూటర్లో బొమ్మలు, వీడియోల పని చూసే గ్రాఫిక్స్ కార్డుల గురించి కూడా వేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నా. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే నాకు జరిగింది చెప్పాల.

మాది కడపలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. 2017 చివర్లో ఒక సిస్టంలో ఎన్విడియా కంపెనీ జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డు వేయించినా, 2 జీబీ మెమరీది, చిన్న కార్డే గానీ మా పనికి బాగానే నడిచింది. రెండేళ్ల తర్వాత పని ఎక్కువై ఇంకో సిస్టం కావాల్సొచ్చింది, షాపుకు పోయి అదే 1030 ఇయ్యప్పా, అదైతే నాకు అలవాటే అని తెచ్చుకున్నా. పేరు అదే, 2 జీబీ అదే. ప్రాసెసర్, ర్యామ్ అయితే కొత్త సిస్టంలోనే ఇంకా మంచివి. కానీ ఒకే పెళ్లి ప్రాజెక్టు రెండిట్లో పెట్టి చూస్తే పాతదాంట్లో సాఫీగా పోతాది, కొత్తదాంట్లో తలంబ్రాల దగ్గర కలర్ ఎఫెక్ట్ వేసిన చోటల్లా ఆగి ఆగి ఆడతాది. వైరస్ ఏమో అని విండోస్ రెండుసార్లు వేసినాం, డ్రైవర్లు మార్చినాం, కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా కూడా మార్చినాం, నెల రోజులు ఇదే గోల, అది కూడా మాఘమాసం పెళ్లిళ్ల మధ్యలో. ఒక పార్టీకి చెప్పిన రోజుకు వీడియో ఇయ్యలేకపోయినా, ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ నాకే మొహం చెల్లలేదు.

ఆఖరుకు మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ పిల్లోడు, సెలవులకు వచ్చినప్పుడు 'మామా, జీపీయూ-జెడ్ అని కార్డు వివరాలు చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వేసి చూద్దాం' అని రెండు సిస్టంలలోనూ వేసి చూపించినాడు. కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు, రెండిట్లో 384నే. బస్, అంటే మెమరీకీ చిప్పుకూ మధ్య డేటా పోయే దారి వెడల్పు, రెండిట్లో 64 బిట్టే. పాతదాంట్లో మెమరీ జీడీడీఆర్5 అనే వేగమైన రకం, సెకనుకు 48 జీబీ డేటా పోతాది. కొత్తదాంట్లో ఉండేది డీడీఆర్4, సెకనుకు 16.8 జీబీ. దగ్గర దగ్గర మూడో వంతు! ఎన్విడియా కంపెనీనే 2018లో అదే పేరు మీద ఈ డీడీఆర్4 రకాన్ని కూడా మార్కెట్లోకి వదిలింది, పేరు మార్చలేదు. కొత్తది అనుకొని డబ్బులు పెట్టి తెచ్చుకున్నది పాతదాని కంటే తక్కువది అని నాకు ఆరోజు తెలిసింది.

బిల్లు పట్టుకొని షాపుకు పోతే 'మీరు 1030 అడిగినారు, 1030 ఇచ్చినాం' అన్నారు. బిల్లులో చూస్తే 'గ్రాఫిక్స్ కార్డ్ 2 జీబీ - 1' అని మాత్రమే ఉంది. దాన్ని పట్టుకొని ఎవరిని ఏం అడిగేది? కొనేవాడికి సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది, కానీ రకం ఏందో కాగితం మీద రాయకపోతే ఆ హక్కుతో మనం చేసేది ఏముంది?

ఇక్కడ అందరూ జీబీ ఒక్కటే చూస్తారు. జీబీ అంటే చెరువు ఎంత పెద్దది అని, బస్, మెమరీ స్పీడు అంటే తూము ఎంత వెడల్పు, నీళ్లు ఎంత జోరుగా పోతాయి అని. పోరుమామిళ్ల చెరువంత నీళ్లున్నా తూము జానెడే ఉంటే చివరి మడికి నీళ్లు ఎప్పుడు చేరాల? మా వీధిలో ఒకాయన కొడుకు కోసమని 2 జీబీ జీటీఎక్స్ 1050 వద్దని, 4 జీబీ అన్నారని జీటీ 730 తెచ్చినాడు. ఆ 1050లో 640 కోర్లు, 128 బిట్ జీడీడీఆర్5, సెకనుకు 112 జీబీ పోతాది. 730 అనేది 2014 నాటిది, దాంట్లో మళ్లీ రకరకాలు, 96 కోర్లది ఉంది, 384 కోర్లది ఉంది, డీడీఆర్3 ఉంది, జీడీడీఆర్5 ఉంది. అన్నిటి పేరూ 730నే. పైగా వీడియో పని చేసేవాళ్లకు ఇంకోటి, 1030లో వీడియో ఎన్‌కోడర్, అంటే తయారైన వీడియోను ఫైలుగా కుదించే భాగం, లేదు, ఎక్స్‌పోర్ట్ భారమంతా ప్రాసెసర్ మీదే పడతాది, 1050లో ఎన్‌కోడర్ ఉంది. ఇది నాకు ముందే ఎవరన్నా చెప్పింటే ఎన్ని రాత్రులు మిగిలేవో.

కోర్లు లెక్కబెట్టి కొనడం కూడా సరిగాదు. ఎన్విడియాదే ఆర్‌టీఎక్స్ 2060 కార్డులో 1920 కోర్లు, దాని తర్వాతి తరం 3060లో 3584, అట్లని స్పీడు రెండింతలు కాలేదు, ఎందుకంటే కొత్త తరంలో కోర్ లోపలి అమరిక మారింది, లెక్కపెట్టే తీరే వేరు. పాతదాన్నీ కొత్తదాన్నీ కోర్లతో తూయకూడదు.

మొన్న మళ్లీ కార్డు కొనాల్సొచ్చినప్పుడు ఇవన్నీ రాసుకొని పోయినా. 2021లో వచ్చిన 3060కి 12 జీబీ, 192 బిట్, సెకనుకు 360 జీబీ. 2023లో వచ్చిన 4060కి 8 జీబీ, 128 బిట్, 272 జీబీ. కాగితం మీద చూస్తే కొత్తదే తగ్గింది, కానీ దాని లోపల క్యాష్, అంటే చిప్పులోనే ఉండే చిన్న వేగమైన మెమరీ, 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచినారు, కరెంటు 170 వాట్ల నుంచి 115కి తగ్గింది, ఏవీ1 అనే కొత్త రకం వీడియో ఎన్‌కోడింగ్ కూడా ఇచ్చినారు. గేములాడే పిల్లోళ్లకు, మా కడప ఎండల్లో చిన్న యూపీఎస్‌తో నెట్టుకొచ్చే ఇండ్లకు 4060నే మేలని నేనూ చెప్తా. మాకు మాత్రం నాలుగు కెమెరాల 4కే ఫుటేజీ ఒకేసారి పెట్టాల, దానికి 12 జీబీ కావాల, కాబట్టి 3060 తీసుకున్నా. దాంట్లోనూ తర్వాత 8 జీబీ రకం ఒకటి వచ్చింది, 128 బిట్‌ది, 240 జీబీదే. అందుకని ఈసారి బిల్లు మీద '12 జీబీ, జీడీడీఆర్6, 192 బిట్' అని రాయించుకున్నా. షాపాయన ఏమీ అనుకోకుండా రాసిచ్చినాడు, అడిగితే రాస్తారు, అడగాలని మనకు తెలియాల.

బీటెక్‌లో చేరే పిల్లోళ్లకు సిస్టంలు కొనే రోజులు వస్తున్నాయి. మా జిల్లాలో పల్లెల నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది షాపాయన మాట మీదే కొంటారు, చీటీల డబ్బులు తెచ్చి కొనేవాళ్లు ఉన్నారు. ఆలోపల ఒక్క ఆదివారం మీ పేపర్లో పాత, కొత్త కార్డులు పక్కపక్కన పెట్టి మెమరీ రకం, బస్ వెడల్పు, సెకనుకు ఎన్ని జీబీ, ఎన్ని వాట్లు, ఎన్‌కోడర్ ఉందా లేదా అని తెలుగులో పట్టిక వేయండి. నా రెండు 1030 కార్డుల జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి దీంతోపాటు పంపిస్తున్నా, పనికొస్తాయంటే అవి కూడా వేసుకోండి.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్,
కడప