ఎటూడ్‌ల గురించి అమ్ములుకి

అమ్ములూ,

"ఇంకా ఎంతకాలం ఈ ఎటూడ్‌లు, ఈ పియానో సాధన పాఠాలు? అసలు సంగీతం ఎప్పుడు వాయిస్తానమ్మా?" అన్నావు ఫోన్లో. నీకు క్లాసు టైమైందని పెట్టేశావు. నేను చెప్పాలనుకున్నది ఉత్తరంలో రాస్తున్నాను.

యుంచాన్ లిమ్ అని కొరియా కుర్రాడు. 2022లో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో వాన్ క్లైబర్న్ పియానో పోటీ గెలిచాడు. అప్పటికి 18 ఏళ్లు. అంత చిన్న వయసులో ఆ పోటీ ఇంకెవరూ గెలవలేదు. ఫైనల్లో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన రఖ్మానినోవ్ మూడో కన్చెర్టో గురించే అందరూ మాట్లాడతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం సెమీఫైనల్ సోలో. పక్కన ఆర్కెస్ట్రా లేదు, ఎదురుగా నొటేషన్ లేదు, గంటకు పైగా ఒక్కడే. వాయించింది ఏమిటంటావు? ఫ్రాంజ్ లిస్ట్ రాసిన పన్నెండు ఎటూడ్‌లు, వరసగా, అన్నీ.

లిస్ట్ వాటి తొలి రూపం రాసినప్పుడు నీకంటే చిన్నవాడు, పదిహేనేళ్లవాడు. అప్పుడవి నిజంగానే వేళ్ల సాధన కోసం. తర్వాత వాటినే పట్టుకుని రెండుసార్లు తిరగరాసి, 1852లో అచ్చువేసిన చివరి రూపాన్ని తన గురువు చెర్నీకి అంకితమిచ్చాడు. పాతికేళ్లు ఆ పాఠాలు అతన్ని వదల్లేదు.

నీతో భైరవి వర్ణం రెండు కాలాల్లో పాడించేదాన్ని గుర్తుందా? అదీ సాధనే. పెద్ద విద్వాంసులు కచేరీ మొదలుపెట్టేదీ వర్ణంతోనే కదా! ఎటూడ్ కూడా అలాంటిదేనని నాకు అనిపిస్తుంది.

లిస్ట్ ఎటూడ్‌లలో నాలుగోది 'మజెప్ప' హోరెత్తిపోతుంది. దానికి చప్పట్లు ఎలాగూ వస్తాయి. నువ్వు వినాల్సింది దాని తర్వాతది, 'ఫూ ఫోలే'. కుడిచేతిలో స్వరాలు జంటలుగా పరుగెత్తుతాయి, కానీ శబ్దం పైకి లేవకూడదు. గట్టిగా కొట్టి తప్పు దాచుకునే వీలే లేదు. అక్కడ ఆ పిల్లాడి భుజాలు చూడు, టెన్షన్ కనిపించదు. వేగం చూపించాలన్న ఆత్రమూ లేదు, తను వాయించేది తనే చెవి పెట్టి వింటున్నాడు. పన్నెండోదానిలో గాలికి మంచు కొట్టుకొస్తున్నట్టు ఎడతెగని కంపనం, లోపల ఒక సన్నని పాట. ఆ పాట ఎక్కడా మునిగిపోనివ్వలేదు. చూస్తుంటే నాకు కళ్లు తడిశాయి.

2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో తొలి కచేరీకి అతను ఎంచుకున్నవీ ఎటూడ్‌లే, షోపాన్ రాసిన 24. వాటిలో ఒకదాని మొదటి స్వరాల మీదే గంటల తరబడి కూర్చున్నానని తనే చెప్పాడు. అది చదివాక మీ టీచర్ నిన్ను నొటేషన్లో రెండు బార్ల దగ్గరే ఎందుకు ఆపుతున్నారో నాకు అర్థమైంది. ఆవిడ నీ వేళ్లనే కాదు, చెవిని కూడా తయారుచేస్తున్నారు.

సెమీఫైనల్ వీడియో యూట్యూబ్‌లో ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ఆ ఐదోది విను. ఇప్పుడు నువ్వు సాధన చేస్తున్న ఎటూడ్‌ని ఆదివారం నాకు ఫోన్లో వినిపించు. నెమ్మదిగా వాయించు, మధ్యలో ఆగినా ఫర్వాలేదు. వేళకి అన్నం తిను.

ఆశీస్సులతో,
అమ్మ