ఉషబ్తీలు ఆటవస్తువులు కావు

సంపాదకునికి,

గత ఆదివారం అనుబంధంలో ఈజిప్టు సమాధుల్లో దొరికిన చిన్న బొమ్మలను ‘పిల్లల ఆటవస్తువులు’ అని రాశారు. అవి ఉషబ్తీలు. ఆడుకోవడానికి కాదు, యజమాని బదులు వెట్టి చేయడానికి పెట్టినవి. చనిపోయాక మృతుల దేవుడైన ఒసిరిస్ రాజ్యంలోనూ పొలం పని తప్పదని ఈజిప్షియన్ల నమ్మకం. మడికి నీరు పెట్టాలి, ఇసుక మోయాలి. పిలుపు రాగానే బొమ్మే ‘ఇదిగో, నేనున్నాను’ అని పలకాలి. పరలోక యాత్రకు పనికొచ్చే మంత్రాల సంపుటి ‘మృతుల గ్రంథం’. దాని 6వ అధ్యాయంలోని ఈ పిలుపు మంత్రాన్ని చాలా బొమ్మల ఒంటి మీదే వరుసలుగా రాసేవారు.

నీలిపచ్చ మెరుపున్న ఒక ఉషబ్తీని దగ్గరగా చూస్తే సంగతి తెలిసిపోతుంది: మమ్మీలా చుట్టిన ఒళ్లు, గుండెల మీద అడ్డంగా చేతులు, వాటిలో పారలు, వీపున సంచి. ఏ పిల్లవాడి బొమ్మకు ఈ సరంజామా?

ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో ఇవి 413 దొరికాయి. రోజుకొకరుగా 365 మంది కూలీలు, వారిపై 36 మంది మేస్త్రీలు, నెలకొకరుగా మరో 12 మంది పెత్తందారులు. (పరలోకంలోనూ మేస్త్రీ లేనిదే పని సాగదన్నమాట!) ఈజిప్టును ఏలిన కుష్ (నేటి సూడాన్ ప్రాంతం) వంశపు రాజు తహర్కా అయితే వెయ్యికి పైగా రాతి బొమ్మలను వెంట పెట్టించుకున్నాడు.

వచ్చే సంచికలో సవరణ వేయగలరు.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, విజయనగరం