ఊహాలోకంలోనూ దాహం వేయాలి

సంపాదకులకు నమస్కారం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లో ఒకరు కథ నడుపుతుంటే, మిగతావాళ్లు తలా ఒక పాత్రై ఆడతారు. ఇవి ఆడేవాళ్ల మధ్య ఒక తగువు ఎప్పటికీ తెగడం లేదు. మంత్రాలూ డ్రాగన్లూ ఉన్నచోట బరువు, ఆకలి లెక్కలెందుకు, ఉన్న లోకాన్ని కాసేపు మరిచిపోవడానికే కదా ఆట అని ఒక పక్షం. లెక్క లేకపోతే అది ఆటే కాదని రెండో పక్షం. లెక్క లేనిదే మాయకు రుచి రాదని మా గట్టి నమ్మకం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాల పుస్తకం చూడండి. బలం 10, అంటే మామూలు మనిషంత, ఉన్న పాత్ర 150 పౌన్లు, అంటే 68 కిలోలు, నడక తగ్గకుండా మోయవచ్చు. 1501 మీటర్ల మహేంద్రగిరి మీదికి అంత బరువు ఎవరు మోస్తారు? అదే పుస్తకంలో, కావాలంటే వాడుకోమని ఇచ్చిన మరో నియమం ఉంది. బలానికి అయిదు రెట్లు, అంటే 50 పౌన్లు దాటగానే అడుగు నెమ్మదిస్తుంది. అది ఇంచుమించు 23 కిలోలు. కొండదారిలో కావిడి మోసేవాళ్లను చూసిన గజపతి, రాయగడ జిల్లాల వాళ్లకు నమ్మబుద్ధయ్యేది ఈ లెక్కే.

ఇక నీళ్లు. ఆ నియమాల ప్రకారం మనిషికి రోజుకు ఒక గ్యాలన్, ఎండ మండితే రెండు. రెండు గ్యాలన్లంటే ఏడున్నర కిలోల పైమాటే. మూడు రోజుల నీళ్లు ఎత్తుకునేసరికే ఆ హద్దు నిండిపోతుంది. కత్తి, తాడు, తిండి ఇంకా ఎత్తనే లేదు! అప్పుడు పటంలో వాగు ఎక్కడుందన్నదే కథ అవుతుంది. నీళ్లు పుట్టించే ఒకటో స్థాయి మంత్రం పది గ్యాలన్లు ఇస్తుంది. ఎండల్లో అయిదుగురికి సరిగ్గా ఒక్కరోజు. దాహం లెక్కలేని ఆటలో ఆ మంత్రం వైపు ఎవరూ చూడరు. లెక్క ఉన్నచోట అది నిజంగా మహిమే.

వాస్తవికత పేరుతో నియమాలన్నీ ఒకేసారి పెడితే మాత్రం ఆట చెడుతుంది. 8 గంటల విశ్రాంతితో గాయాలన్నీ మానడం అసహజమని, పూర్తి విశ్రాంతికి 7 రోజులు పట్టే నియమం తెస్తారు. మంత్రశక్తి తిరిగొచ్చేదీ ఆ విశ్రాంతితోనే అన్నది మరిచిపోతారు. మొదటి స్థాయి పూజారి ఒకటో స్థాయి మంత్రాలు రెండుసార్లే వేయగలడు. అంటే వారానికి రెండు రోజుల నీళ్లు. జట్టు రాక్షసుడి మొహం చూడకముందే కూలుతుంది. ఈ నియమం పెట్టేవారు పోరాటాలను వారాల మీద పరుచుకోవాలి, దారిలో బావులు చూపాలి.

దెబ్బ ఏ అవయవానికి తగిలిందో తేల్చే పద్ధతి 1978 నాటి రూన్‌క్వెస్ట్ అనే మరో ఆటలోనే ఉంది. అక్కడ గాయం మాన్పే మంత్రాలు చాలామందికి అందుతాయి కాబట్టి చెల్లింది. ఆ పద్ధతి ఒక్కటే తెచ్చి, అలాంటి మంత్రాలు అందని ఆటలో అతికిస్తే చిక్కే. శత్రువు ఒక్క పోరులో కనిపించి పోతాడు. ప్రతి పోరులోనూ నిలబడేది ఆటగాళ్ల పాత్రలు కనుక, ఏదో ఒక రోజు చెయ్యి పోయేది వాళ్లకే.

ఎడారి కథైతే నీళ్లు, కొండ కథైతే బరువు, కోట ముట్టడైతే తిండి లెక్కపెట్టండి. మిగతావి వదిలేయండి. కాగితం కూడా అక్కర్లేదు. గ్యాలన్‌కు ఒక చింతగింజ చొప్పున ఒక్కొక్కరి ముందు పోసి, తాగినప్పుడల్లా ఒకటి తీసేస్తే సరి.

– ఆట నడిపే మిత్రులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా