ఆ సన్న పైపు సంగతి చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

బాలానగర్‌లో హైడ్రాలిక్ పైపులు, పంపులు బాగుచేసే చిన్న షెడ్డు నాది. పోయిన సీజన్‌లో జహీరాబాద్ వైపు నుంచి ఒక రైతు కబురు పెడితే వెళ్లాను. పెద్ద ట్రాక్టర్, సబ్సిడీలో తీసుకున్న ఆలుగడ్డ తవ్వే మిషన్. గంట నడిస్తే ఆయిల్ మాడు వాసన. మిషన్‌ను ఆయిల్ ఒత్తిడితో తిప్పే మోటార్‌కు ఆయిల్ కారకుండా ఆపే సీలు మూడోసారి పోయింది. ట్రాక్టర్ పంపే మార్చాలని ఎవరో అన్నారట. వంగి చూస్తే మిషన్ నుంచి వచ్చే చిటికెన వేలంత సన్న పైపు ఒకటి, మూతికి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఫ్రేముకు వైరుతో కట్టేసి ఉంది.

"దేనికో ఎవరూ చెప్పలే అన్నా, ఊగుతుందని కట్టేసిన" అన్నాడు.

అది లోడ్ సెన్సింగ్ పైపు. పనికి ఎంత ఒత్తిడి కావాలో పంపుకు చెప్పేది అదే. అది సరిగ్గా కలిస్తే పంపు అంతకన్నా ఓ 20 బార్ (ఒత్తిడిని కొలిచేది బార్‌లలోనే) ఎక్కువ ఇచ్చి ఊరుకుంటుంది. ఈయన రెండు లావు పైపులనూ ట్రాలీ జాక్‌కు పెట్టినట్టు ట్రాక్టర్ వెనక ఉండే మామూలు కప్లర్లకు తగిలించి, ఆయిల్ ఆగకుండా పారేలా లివర్ లాక్ చేశాడు. దాంతో 80 బార్ చాలిన పనికి పంపు 200 బార్ కొడుతోంది. నిమిషానికి 40 లీటర్లు పారితే ఆ తేడా 8 కిలోవాట్లు, అంటే దాదాపు 11 హార్స్‌పవర్. డీజిల్ పోసి ఆయిల్ కాచుకోవడమే! తిరుగు ఆయిల్ కూడా నేరుగా ట్యాంకుకు పోక వాల్వ్ గుండా పోతోంది, వెనక ఒత్తిడికి సీలు తన్నేస్తోంది. ట్రాక్టర్ వెనక రబ్బరు మూతల కింద ఈ మూడు పైపులూ తగిలించే పోర్టులు మాత్రం కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. తుడిచి కలపడానికి పావుగంట పట్టలేదు.

రైతును తప్పుపట్టలేను. మన దగ్గర ఎక్కువ ట్రాక్టర్లకు ఉండేది పని ఉన్నా లేకున్నా ఆయిల్ తోస్తూనే ఉండే గేర్ పంపు, వాటికి ఈ సన్న పైపు తగిలించే పోర్టే ఉండదు. అలాంటి ట్రాక్టరుకు ఇదే మిషన్ పెట్టాలంటే మిషన్‌లో ఆయిల్‌ను పంచే వాల్వ్ బ్లాక్ మీది మరను ఓపెన్ సెంటర్‌కు, అంటే పని లేనప్పుడు ఆయిల్ ఊరికే ట్యాంకుకు తిరిగి పోయేలా తిప్పాలి. తిప్పకపోతే ఒత్తిడి మితిమీరినప్పుడు ఆయిల్ వదిలేసే రిలీఫ్ వాల్వ్ కీచుమంటూనే ఉంటుంది. ఇదంతా ఇంగ్లిష్ పుస్తకంలో ఉంది. అమ్మినవాళ్లు మాత్రం మిషన్ దించి, ఫొటో దిగి వెళ్లిపోయారు.

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఒకటే. సబ్సిడీ మిషన్‌ను కొన్నవారి ట్రాక్టరుకే తగిలించి, అరగంట నడిపి చూపించాకే డీలరుకు బిల్లు పాస్ చేయండి. ప్రెషర్, రిటర్న్, లోడ్ సెన్సింగ్ అని ఒక్కో పైపు మీద తెలుగులో రేకు బిళ్ల వేయించండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు అద్దె యంత్రాల కేంద్రాల డ్రైవర్లకు ఒక్క పూట ఈ పైపులు చేత్తో పట్టించి నేర్పినా చాలు. నన్ను పిలిస్తే పాత వాల్వ్ బ్లాక్ ఒకటి కోసి పట్టుకొస్తాను, లోపల ఏముందో కళ్లతో చూస్తారు.

— ఒక హైడ్రాలిక్ మెకానిక్, బాలానగర్, హైదరాబాద్