రంగులు చివర వేయండి, ముందు నీటిని ఆపండి

సంపాదకులు గారికి,

ప్రభుత్వం పేదలకు కట్టి ఇచ్చిన గృహ సముదాయాలకు మరమ్మతు నిధులు వచ్చాయంటే ముందుగా కనిపించేవి పరంజాలు, రంగు డబ్బాలే. బయటి గోడ మెరుస్తుంది, లోపల పడకగది మూలన చెమ్మ చెమ్మగానే ఉంటుంది. భవనాల నిర్వహణ పనుల్లో ఉన్న మేము కోరేది ఒక్కటే: ఈ వరుస మార్చండి. నీటి కారుడు ఆగాకే రంగు జోలికి వెళ్లండి.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా పని మొదలుపెట్టడం వల్లే చాలా డబ్బు వృథా అవుతోంది. వానలప్పుడే పెరిగే మరక పైకప్పు వల్లనో, బయటి గోడ పగులు వల్లనో వస్తుంది. ఏడాది పొడవునా తడిగా ఉండి, పై ఇంటి స్నానాలగది కిందే కనిపిస్తే పైపు జాయింటునో, ట్రాప్ (నేల మీది నీళ్లు మురుగు పైపులోకి పోయే చోటు) చుట్టూ ఉన్న సందునో అనుమానించాలి. నేల నుంచి మీటరు ఎత్తు దాకా పాకి, గోడ మీద ఉప్పు తేలుతుంటే అది పునాది చెమ్మ. గాలి ఆడని గదిలో మూలలు నల్లగా బూజు పడితే అది చాలాసార్లు లీకే కాదు, వంట ఆవిరి, స్నానాల ఆవిరి చల్లని గోడకు పట్టడం. అక్కడ కావలసింది ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరుచుకునే కిటికీ. ఈ నాలుగింటికీ ఒకే పుట్టీ పూసి వెళ్లిపోతున్నారు. తడి లోపలే ఉండిపోతుంది కాబట్టి రంగు కొన్ని నెలలకే పొక్కులై లేస్తుంది.

స్నానాలగదిని పరీక్షించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ట్రాప్ నోరు మూసి, నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల నీరు నిలిపి 24 గంటలు వదలాలి. కింది ఇంట్లో మరక పెరిగితే నేలే కారుతోంది. పెరగకపోతే ట్రాప్ తెరిచి నీళ్లు పోనివ్వాలి. అప్పుడు కారితే తప్పు మురుగు పైపుది. అదీ కాదంటే కుళాయిల పైపులో ఒత్తిడి పెట్టి, అది తగ్గుతోందేమో చూసే ప్రెషర్ పరీక్ష చేయించాలి.

నేల కారుతోందని తేలితే పలకల (టైల్స్) సందుల్లో తెల్లసిమెంటు రుద్దితే సరిపోదు. పలకలు తీసి, కింద నింపిన తడి ఇటుకముక్కలు ఎత్తిపోసి, స్లాబును ఆరనివ్వాలి. గోడా నేలా కలిసే మూలను మోర్టారుతో (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దతో) గుండ్రంగా పూడ్చాలి. ట్రాప్ చుట్టూ ఉన్న సందును ఆరాక ముడుచుకుపోని గ్రౌటుతో (సందులు నింపే సిమెంటు మిశ్రమంతో) నింపాలి. ఎక్కువ లీకులు మొదలయ్యేది అక్కడే. తర్వాత వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, గోడ మీద 30 సెంటీమీటర్ల దాకా వేయాలి. స్నానం చేసే వైపు ఇంకా పైకి తీసుకెళ్లాలి. పూత ఆరాక మళ్లీ 48 గంటలు నీరు నిలిపి చూసి, ఆ తర్వాతే పలకలు పరచాలి. ఈ రెండో పరీక్షను బిల్లు చెల్లింపుకు షరతుగా టెండరులో రాయాలి. రాయకపోతే దాన్ని ఎవరూ చేయరు.

ఈ పని వాయిదా పడేకొద్దీ నీరు స్లాబులోని ఇనుప కమ్మీలను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, పెచ్చులు ఊడి మనుషుల మీద పడతాయి. పైపైన ప్లాస్టరింగ్ చేస్తే అదీ ఊడిపడుతుంది. కమ్మీ వెనక వేలు దూరేంత వరకు కాంక్రీటు తొలిచి, తుప్పును బ్రష్‌తో పూర్తిగా వదిలించి, తుప్పు నిరోధక పూత వేశాకే పాలిమర్ మోర్టారుతో (పట్టు పెంచే రసాయనం కలిపిన సిమెంటు ముద్దతో) పూడ్చాలి. కమ్మీ సన్నబడితే ఇంజినీరు లెక్కకట్టి అదనపు కమ్మీలు వేయించాలి.

తాగునీటి ట్యాంకును ఆరు నెలలకోసారి కడిగించాలి. కడిగాక నీరు నింపి, ప్రతి వెయ్యి లీటర్లకు 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 150 గ్రాములు కలిపి, కొన్ని గంటలు ఉంచి ఆ నీటిని పారబోయాలి. అది తాగే నీరు కాదని ఇంటింటికీ ముందే చెప్పాలి. మురుగు గుంతల్లోకి మాత్రం ఎవరినీ దించకండి. అక్కడ పేరుకునే విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. ఆ పని యంత్రాలతోనే జరగాలి.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని ప్రూయిట్ ఐగో అనే ప్రభుత్వ గృహ సముదాయంలో 11 అంతస్తుల భవనాలు 33 ఉండేవి. అక్కడ నిర్వహణ ఖర్చు అద్దెల నుంచే రావాలి. జనం తగ్గారు, అద్దెలు తగ్గాయి, లిఫ్టులూ పైపులూ పాడయ్యాయి, ఇంకొందరు వెళ్లిపోయారు. 1972లో కూల్చివేత మొదలైంది. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనానికి బాగుచేసే పేరుతో బయట తొడిగిన పలకలే 2017లో మంటను పైకి పాకించాయి. 72 మంది చనిపోయారు. బయటి సొగసు పనులకు టెండరు పిలిచే ప్రతి అధికారీ ఈ రెండింటినీ చదవాలి.

కాబట్టి నిర్మాణ నిధితో సంబంధం లేకుండా ఏటా విడిగా నిర్వహణ నిధి కేటాయించాలి. ప్రతి బ్లాకులో నేలంతస్తు గోడ మీద ఫిర్యాదు అందిన తేదీ, కారణం, పరీక్ష ఫలితం, పని పూర్తయిన తేదీ అందరికీ కనిపించేలా రాయాలి. రంగుల బిల్లు మంజూరుకు ముందు ఆ పట్టికలో లీకు ఫిర్యాదులన్నీ పరీక్షతో సహా ముగిశాయని నివాసుల కమిటీ సంతకం ఉండాలి.

ఇట్లు,
భవన నిర్వహణ పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు, ప్లంబర్లు